వనభోజనానికి వెళ్లిన ఇల్లాలు

పోయిన నెల ఈ శీర్షికలో ఊరగాయ జాడీల సంగతి వ్రాస్తే, ఒక సోదరీమణి ఉత్తరం వ్రాస్తూ, "వంటింటి గడప దాటి మీరు ఎన్నడైనా బయటి ప్రపంచం చూస్తారా?" అని నిలదీశారు. ఆ మాట పట్టుకుని ఈ నెల ఏకంగా ఫ్రాన్సు దేశం దాకా వెళ్లివచ్చాము. వెళ్లడమంటే ఓడ ఎక్కి కాదు. మా ముందుగదిలో టెలివిజన్ ఎదుట కూర్చుని ఒక ఫ్రెంచి చిత్రం చూశాము. గడప దాటామని అనుకున్నామే గాని, చివరకు ఆ బొమ్మ మమ్మల్ని తిరిగి మా ఇంట్లోకే తెచ్చి దింపింది. ఎట్లాగో మనవి చేస్తాము.

మా పెద్దబావగారు యానాం నుంచి బెంగుళూరు వచ్చి పది రోజులు మా ఇంట ఉన్నారు. మా అక్కయ్య పోయి ఆరేళ్లయింది. అప్పటినుంచీ ఏటా ఒకసారి వచ్చి మమ్మల్ని చూసి వెళ్లడం ఆయనకు అలవాటు. యానాం 1954లో ఫ్రెంచివారి ఏలుబడి నుంచి బయటపడే నాటికి ఆయన పన్నెండేళ్ల పిల్లవాడు. అప్పటికి బడిలో నేర్చిన ఫ్రెంచి ముక్కలు ఇప్పటికీ మరచిపోలేదు. గోదావరి యాసలో ఆయన ఫ్రెంచి మాట్లాడుతూంటే ఫ్రెంచివారికి ఎట్లా ఉంటుందో గాని, మాకు మాత్రం వినసొంపుగా ఉంటుంది. ఆయనకు కాలక్షేపమవుతుందని మా అబ్బాయి ఈ చిత్రం వెతికి పెట్టి, "కుటుంబకథ నాన్నా, రంగుల బొమ్మ, ఎనభై నిమిషాలలో అయిపోతుంది" అని చెప్పి తన పనిమీద తాను వెళ్లిపోయాడు. కుటుంబకథ అన్నమాట అబద్ధం కాదు. అయితే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూసే కుటుంబకథ కాదని ఆదిలోనే చెప్పడం మా విధి.

చిత్రం పేరు "ల బొనూర్". 1965లో వచ్చింది. "బొనూర్ అంటే ఏమిటి బావగారూ?" అని అడిగాము. "సుఖమనీ, ఆనందమనీ చెప్పుకుంటారోయ్. కాని మాటను విడదీస్తే మంచి శకునం అని వస్తుందని మా పంతులుగారు చెప్పేవారు" అన్నారు. తరువాత నిఘంటువు తిప్పి చూస్తే ఆ మాట నిజమే. ఆ పదం వెనుక లాటిను భాషలో శకునానికి చెప్పుకునే మాట ఉన్నది. అంటే సుఖమన్నది ఆ భాషలో కూడా మనిషి సంపాదించుకునేది కాదు, కలిసివచ్చేది. ఈ ముక్క మనసులో పెట్టుకుని చూస్తే బొమ్మ ఇంకొక విధంగా కనిపిస్తుంది.

దీనిని తీసినది స్త్రీ. పేరు అన్యెస్ వార్దా. 1928లో బ్రస్సెల్సులో పుట్టి, మొదట ఫోటోగ్రాఫరుగా పేరు తెచ్చుకుని, 1955లో తొలి చిత్రం విడుదల చేశారు. 2019లో తొంభయ్యవ ఏట పారిసులో కాలం చేశారు. రంగులలో ఆమె తీసిన మొదటి పెద్ద చిత్రం ఇదే. బెర్లిన్ చిత్రోత్సవంలో దీనికి ఆ ఏడాదే వెండి ఎలుగుబంటి బహుమానం వచ్చింది.

కథ నాలుగు ముక్కల్లో చెప్పవచ్చు. పారిసు శివారు ఊళ్లో ఫ్రాన్స్వా అని ఒక వడ్రంగి. తన పినతండ్రి కొట్లో పని. భార్య థెరేజ్, ఇంట్లోనే కూర్చుని పదిమందికీ బట్టలు కుడుతుంది. చిన్నపిల్లలు ఇద్దరు. ఆదివారం వస్తే నలుగురూ కలిసి చెట్ల నీడకు వనభోజనానికి వెళతారు. మనకు కార్తీకమాసంలో ఒకనాడు జరిగేది వాళ్లకు ప్రతివారం జరుగుతుంది. మొగుడికి పెళ్లాం మీద కోపం లేదు, పెళ్లానికి మొగుడి మీద అనుమానం లేదు, అప్పులు లేవు, అత్తగారి పోరు లేదు. ఇంత సుఖంగా ఉన్న సంసారాన్ని తెరమీద మేము చూడలేదు. మా ఆవిడ పది నిమిషాలలోనే, "ఇంత బాగుంటే ఏదో ఉన్నదండీ" అన్నది. ఇల్లాళ్లకు ఇటువంటివి ముందే తెలుస్తాయి కాబోలు.

ఉన్నదే. ఫ్రాన్స్వాకు ఎమిలీ అనే అమ్మాయితో పరిచయమవుతుంది. ఆమెకు పోస్టాఫీసులో ఉద్యోగం. పరిచయం ప్రేమ అవుతుంది. విచిత్రమేమిటంటే, ఇతగాడికి భార్యమీద ప్రేమ వీసమంత కూడా తగ్గదు. తన సంసారం ఒక ఆపిల్ తోట అనీ, తోట బయట ఇంకొక చెట్టు కనిపించి అదీ పూసిందనీ, కనుక పూలు ఎక్కువయ్యాయే గాని తక్కువ కాలేదనీ అతని లెక్క. ఆ లెక్కను ఒక ఆదివారం వనభోజనానికి వెళ్లినప్పుడు భార్యకే విప్పి చెబుతాడు. ఈమధ్య ఇంత ఉల్లాసంగా ఉన్నారేమని ఆమె అడిగింది గనుక చెబుతాడు. దాచడు, బొంకడు. ఆమె విని, కొంచెంసేపు ఊరుకుని, సరేనన్నట్టే ఉంటుంది. అతడు చెట్టుకింద నిద్రపోతాడు. లేచి చూస్తే ఆమె లేదు. పిల్లలను వెంటబెట్టుకుని వెతుకుతాడు. చివరకు ఆమెను కొలనులోనుంచి తీసి గట్టున పడుకోబెట్టి ఉంటారు.

తానే దిగిందో, కాలు జారిందో, దర్శకురాలు చెప్పరు. నీళ్లలో ఒక కొమ్మను పట్టుకోబోయిన ఆమె చెయ్యి ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. అది జరిగిందో, భర్తకు అట్లా తోచిందో కూడా చెప్పరు.

ఆ తరువాత ఏడుపులు, బంధువులు, పిల్లలను ఎవరు పెంచాలన్న మంతనాలు. వేసవి వెళ్లిపోతుంది. ఫ్రాన్స్వా ఎమిలీ దగ్గరకు వెళతాడు. ఆమె వచ్చి ఆ ఇంటి ఇల్లాలవుతుంది. పిల్లలను బడికి పంపుతుంది, వంట చేస్తుంది, పడకలు సర్దుతుంది. మొదట్లో థెరేజ్ చేతులు పనులు చేస్తూంటే ఎట్లా చూపారో, ఇప్పుడు ఈమె చేతులనూ అట్లాగే చూపుతారు. చేతులు మారాయి, పనులు మారలేదు. ఆకురాలు కాలంలో నలుగురూ ఒకే పసుపు వన్నె ఉన్నిబట్టలు తొడుక్కుని మళ్లీ అడవిలోకి వనభోజనానికి వెళతారు. వెనుక మొజార్ట్ సంగీతం. బొమ్మ అయిపోయింది.

దీపం వేశాక ముగ్గురమూ కొంతసేపు మాట్లాడలేదు. కాఫీ కలపడానికి కూడా ఎవరూ లేవలేదు.

మాకు కలిగిన అభిప్రాయం ఒక్కటిగా లేదని ముందుగా ఒప్పుకుంటాము. ఆ రంగులకు మేము దాసులమయ్యాము. పొద్దుతిరుగుడు పూలతో ఆరంభమైన బొమ్మ చివరిదాకా పూలసజ్జలాగే ఉన్నది. దృశ్యం మారేటప్పుడు తెర నల్లబడడానికి బదులు నీలంగానో, ఎర్రగానో మారిపోతుంది. మన ఇళ్లలో చావు జరిగితే ఆ కొన్ని రోజులూ లోకమంతా నల్లగా కనిపిస్తుంది గదా. ఈ బొమ్మలో చావు వచ్చినా చెట్లు పచ్చగానే ఉంటాయి. అందుకే మాకు ఒళ్లు జలదరించింది. ఇంకొకటి. భర్త వేషం వేసిన జాఁ క్లోద్ ద్రువోకు ఇందులో భార్యగా నటించిన క్లేర్ నిజంగా భార్యే. పిల్లలిద్దరూ వాళ్ల పిల్లలే. ఆ తల్లి, పిల్లలు ఒకరినొకరు తాకడంలో ఉన్న చనువు నటన కాదు. ఆమె పోయిన తరువాత ఆ పిల్లలే ఇంకొక స్త్రీ చెయ్యి పట్టుకుని నడుస్తూంటే కన్ను తిప్పుకోవడం కష్టమయింది.

కోపం కూడా వచ్చింది. థెరేజ్ మనసులో ఏమున్నదో మాకు ఎవరూ చెప్పలేదు. ఆమె నవ్వుతుంది, కుడుతుంది, వండుతుంది, వింటుంది, పోతుంది. ఒక్క గట్టి మాట అనదు. భర్తకు శిక్ష లేదు, పశ్చాత్తాపం లేదు. "తీసినది ఆడది అయి ఉండి, ఆడదానికి ఒక్క మాటైనా ఇవ్వలేకపోయిందే!" అని మేము అన్నాము.

బావగారు తల పంకించి, "నువ్వు వాణ్ణి రాక్షసుణ్ణి చెయ్యాలని చూస్తున్నావోయ్. వాడు రాక్షసుడు కాడు. మీ అక్క పోయిన మర్నాడు పొద్దున్నే పాలవాడు వచ్చి తలుపు కొట్టాడు. పాలు పోయించుకున్నాను. పదమూడో రోజు దాటాక మనవడికి బడి సంచీ సర్దాను. ఇల్లు నడుస్తుంది. నడవకూడదని మనకుంటుంది గాని, అది నడుస్తుంది. నాకు వాడిమీద కోపం రాలేదు, భయం వేసింది" అన్నారు. ఆ మాటకు మేము జవాబు చెప్పలేకపోయాము.

మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు. "ఇల్లు నడవడం వేరు అన్నయ్యగారూ. మీరు మనవడికి సంచీ సర్దారు. అతను తనకు సర్దేవాళ్లను తెచ్చుకున్నాడు. మీ ఇంట్లో వదినగారి కుర్చీ ఖాళీగా ఉన్నది. వాళ్ల ఇంట్లో ఖాళీయే లేదు" అన్నది.

అప్పుడు మేము, పెద్దరికం చూపుకోవడానికి అన్నట్టు, "అదంతా ఆ దేశపు తీరు. మన ఇళ్లలో ఇట్లా జరగదులే" అన్నాము. ఆ మాట అనకుండా ఉండవలసినది.

ఆ దేశపు తీరు అంటే ఏమిటో తరువాత కొంచెం విచారించాము. ఫ్రాన్సులో మగవాడికి ఒకే భార్య అన్నది ఎంతోకాలంగా ఉన్న చట్టం. మనలో హిందువులకు అది దేశమంతటా చట్టమైనది 1955లో. అంతకుముందు బొంబాయి రాష్ట్రంలో 1946లోనూ, మద్రాసు రాష్ట్రంలో 1949లోనూ చేసుకున్నారు. దానికి ముందు భార్య బతికి ఉండగా ఇంకొకతెను చేసుకున్న తాతలు మనలో లేకపోలేదు. ఇక వాళ్లకు వస్తే, పెళ్లయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా బ్యాంకులో ఖాతా తెరవడానికీ, ఉద్యోగంలో చేరడానికీ అక్కడ చట్టం ఒప్పుకున్నది 1965 జులై 13న. ఈ బొమ్మ వచ్చిన ఏడాదే! కనుక థెరేజ్ కుట్టుమిషను ముందు కూర్చుని సంపాదించిన డబ్బు మీద కూడా ఆమెకు ఎంత స్వతంత్రం ఉన్నదో ఊహించుకోవలసినదే. ఎవరి వాకిట్లో ముగ్గు వంకరో చెప్పడానికి ఉభయులకూ వీలు లేదు.

ఇదంతా తరువాతి మాట. ఆ రాత్రి మేము "మన ఇళ్లలో ఇట్లా జరగదు" అనగానే మా ఆవిడ మా ముఖంలోకి చూసి, మెల్లగా, "ఏమండీ, మీ తాతగారి మొదటి భార్య పేరేమిటి?" అని అడిగింది.

మాకు తెలియదు.

పాఠకులకు కొంచెం వివరం చెప్పాలి. మా తాతగారు బళ్లారిలో కాపురం పెట్టిన కొత్తలో మొదటి భార్య కాన్పులో పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. ఏడాది తిరగక ముందే ఆయన మారుమనువు చేసుకున్నారు. ఆ రెండవ ఆవిడే మా నాయనమ్మ. మేమందరమూ ఆమె సంతానం. మొదటి ఆవిడ ముత్తయిదువుగా పోయింది గనుక మా ఇంట్లో ఏ శుభకార్యానికైనా ముందు పేరంటాలికి చీర పెడతాము. పీటమీద కొత్త చీర, రవికెలగుడ్డ, పసుపు, కుంకుమ, గాజులు, పూలు పెట్టి దణ్ణం పెట్టుకుంటాము. మా పెళ్లికి పెట్టారు. మా అబ్బాయి పెళ్లికి మేమే కొని పెట్టాము. చీర ఏ రంగుదో, ఎంత పెట్టి కొన్నామో చెప్పగలము. ఎవరికి పెట్టామో చెప్పలేము. "పేరంటాలు" అన్నాము గాని, ఆ పేరంటాలికి ఒక పేరుండేదని డెబ్బయ్యేళ్లలో ఒక్కనాడూ మాకు తోచలేదు.

మా హాల్లో గోడమీద తాతగారి పటమున్నది, పక్కన నాయనమ్మ ఉన్నది. మొదటి ఆవిడ పటం లేదు. తాతగారు కూడా మంచివారే. ఎవరినీ మోసగించలేదు. పిల్లాపాపలతో నిండుగా బతికారు. ఆ ఫ్రెంచి వడ్రంగిని రెండు గంటల క్రితం మేము ఎన్ని మాటలు అన్నామో గుర్తుకు వచ్చి నోట మాట రాలేదు.

మర్నాడు పొద్దున్నే బళ్లారిలో ఉన్న మా మేనత్తకు టెలిఫోను చేశాము. ఆమెకు తొంభై దాటాయి. చెవి సరిగా వినపడదు గాని, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. "అత్తయ్యా, తాతయ్యగారి మొదటి భార్య పేరు నీకు తెలుసునా?" అని నాలుగుసార్లు గట్టిగా అడిగాము.

"తెలియకేమిరా నాయనా! మా అమ్మ రోజూ తలచుకునేది గదా" అన్నది.

మేము తెల్లబోయాము. "నాయనమ్మా?"

"ఆ, మా అమ్మే. పెరట్లో తులసికోట ఆవిడ కట్టించుకున్నదట. మా అమ్మ దీపం పెట్టినప్పుడల్లా, నాకంటే ముందు ఈ ఇంట్లో దీపం పెట్టినది ఫలానా అని ఆవిడ పేరు చెప్పి దణ్ణం పెట్టుకునేది. మా నాన్న నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆయనకు బాధో, మరి మరుపో! మా అమ్మ మాత్రం నాకు చెప్పింది, నువ్వు కూడా మరచిపోకే అని. ఇన్నేళ్లకు అడిగినవాడివి నువ్వొక్కడివేరా" అని అత్తయ్య ఆ పేరు చెప్పింది.

ఆ పేరు ఇక్కడ అచ్చువేయము. అది మా ఇంటిది. మా ఆవిడ దానిని ఒక కాగితం మీద వ్రాసి, తాతగారి పటం వెనుక అంటించింది. ఒక పని ఇన్నాళ్లకు చేసినందుకు సంతోషించాలో, ఇన్నాళ్లు చెయ్యనందుకు సిగ్గుపడాలో మాకు తెలియలేదు. రెండూ జరిగాయి.

ఇక ఆ బొమ్మ సంగతి. ఇప్పుడు దానిమీద మా ఫిర్యాదు మారింది. భర్తకు శిక్ష పడలేదన్న కోపం పోయింది. బావగారు చెప్పినట్టు అతడు రాక్షసుడు కాడు. మన తాతలవంటివాడే. సుఖం కలిసివస్తే వద్దనలేనివాడు. మాకు ఇప్పుడు ఉన్న కొరత ఎమిలీని గురించి. ఆ పిల్లలకు తల దువ్వుతున్నప్పుడు, ఆ గిన్నెలు ముట్టుకున్నప్పుడు, తనకంటే ముందు ఇవి ఎవరి చేతుల్లో ఉండేవో ఆమెకు తోచి ఉండదా? మా నాయనమ్మకు తోచింది. ఆమె చదువుకోలేదు, ఉద్యోగం చెయ్యలేదు, కోరి ఆ ఇంటికి రాలేదు. అయినా ఖాళీ అయిన చోట కూర్చుంటూ, ఆ చోటు ఎవరిదో మరచిపోలేదు. అటువంటి ఒక్క క్షణం ఎమిలీకి ఇచ్చి ఉంటే ఈ బొమ్మ మాకు నిండుగా ఉండేదని మా ఆవిడతో అన్నాము.

ఆమె ఒప్పుకోలేదు. "ఇచ్చి ఉంటే మీరు కళ్లు తుడుచుకుని హాయిగా నిద్రపోయేవారు. తాతగారి మొదటి భార్య పేరు నేను అడిగేదాన్నీ కాదు, మీరు బళ్లారికి టెలిఫోను చేసేవారూ కాదు" అన్నది. బావగారు నవ్వి, "నీ ఓటమి ఒప్పుకోవోయ్" అన్నారు. సగమే ఒప్పుకున్నాము. అంత చల్లగా ఉన్న బొమ్మను రెండోసారి చూస్తామని చెప్పలేము. చూడకపోయి ఉంటే బాగుండేదని మాత్రం అనలేము.

బావగారు యానాం వెళ్లేరోజున రైలు పెట్టె ఎక్కుతూ, "ఈసారి మీ అక్క తద్దినానికి పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఆవిడ ఏమేం వండేదో, ఎవరిని ఏమని తిట్టేదో చెబుతానోయ్. పేరొక్కటే మిగిలితే చాలదు" అన్నారు. మేము ఈ పుటలో వ్రాసిన దానికంటే ఆ మాట విలువైనది.

మన కుటుంబాలు ఊళ్లు మారి, రాష్ట్రాలు మారి, మూడు తరాలు నాలుగు తరాలుగా ఇక్కడ ఉన్నాయి. ఇంటిపేర్లు పోగొట్టుకోలేదు, గోత్రాలు పోగొట్టుకోలేదు. అయితే అవన్నీ మగవాళ్ల వెంట నడిచినవి. మీ ఇంట్లోనూ శుభకార్యానికి ముందు చీర పెట్టే ఆచారం ఉన్నట్టయితే, ఈసారి చీర కొనేముందు ఇంట్లో అందరికంటే పెద్దావిడను ఆ పేరు అడగండి. ఆలస్యం చెయ్యకండి. మా అత్తయ్యవంటివారు ఇంటికి ఒకరే ఉంటారు, ఎల్లకాలమూ ఉండరు.

బయటి ప్రపంచం చూడమన్న సోదరీమణికి మా కృతజ్ఞతలు. వచ్చే నెల ఆవిడ అనుమతితో మళ్లీ వంటింట్లోనే కలుసుకుందాము.